మంగళవారం సూది

ఫ్యాను రెక్కల్లో ఒకటి మిగతా రెండింటికంటే నల్లగా ఉంది, తుడిచేవాళ్లకి ఆ ఒక్క రెక్క దగ్గరే చెయ్యి అందనట్టుంది, మా ఇంట్లో అయితే ఈపాటికి స్టూలెక్కి తుడిచి ఉండేదాన్ని, నాలుగేళ్లపాటు స్టూలంటేనే భయపడినదాన్ని మొన్న దసరాకి ఎక్కాను, అది కిర్రుమని కూడా అనలేదు, పద్దెనిమిది కిలోలు తగ్గడమంటే మాటలా, పైనుంచి మా ఆయన బట్టతల చూసి నవ్వుకున్నాను కూడా, ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు, గోడ గడియారం పదీ పది చూపిస్తోంది, పదిన్నర దాకా రాహుకాలం, అది దాటాకే కత్తి పెట్టండని డాక్టరుగారిని ఒప్పించాడు మా ఆయన భవానీప్రసాద్, పిత్తాశయంలో రాళ్లకి కూడా వేళ చూసిన ఘనత నందిగామ మొత్తంలో మా ఇంటికే దక్కాలి, విత్తనాల షాపులో కూర్చుని రైతులకి ఏ కార్తెలో ఏ గింజ వెయ్యాలో చెప్పీ చెప్పీ ప్రతి పనికీ ఓ గడియ ఉంటుందని ఆయన నమ్మకం, శనివారం స్వామి రోజే ప్రమీలా, నువ్వు ఏడు శనివారాలు ఉపవాసం ఉన్నదానివి, ఆయనే చూసుకుంటాడు అన్నాడు, అని బయట వరండాలో కూర్చుని ఎవరికో ఫోన్లో అదే చెబుతున్నాడు, తలుపు సందులోంచి వినబడుతోంది, మా ఆవిడకేం భయం లేదు, నిబ్బరంగా ఉంది, పొద్దుటి నుంచీ కటిక ఉపవాసం, అలవాటేగా దానికి అంటున్నాడు, ఇంతలో త్రేన్పు వచ్చింది, పుల్లగా, గొంతు దాకా వచ్చి ఆగింది, గోంగూర వాసన.

నిన్న మధ్యాహ్నం తిన్న గోంగూర పప్పు, నాలుగు ముద్దలే తిన్నాను, ఈ మధ్య నేను తినేదే నాలుగు ముద్దలు, ఇరవై గంటలు దాటిపోయింది, అది ఇంకా అక్కడే ఉందంటే రాత్రి తిన్న రెండు ఇడ్లీలు దాని మీద కూర్చుని ఉంటాయి, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకపోయినా నా కడుపు ఖాళీగా లేదు, ఈ సంగతి ఈ ఆసుపత్రిలో నాకొక్కదానికే తెలుసు, నాకు వారం వారం సూది వేసే జాయిస్ డాక్టరమ్మకి చెబితే వెంటనే అర్థమయ్యేది, కాని ఆవిడ జగ్గయ్యపేటలో ఉంది, నేనిక్కడ ఆకుపచ్చ గౌను వేసుకుని పడుకున్నానని ఆవిడకి తెలియదు, మొదటి రోజే చెప్పింది, వేలు చూపించి మరీ చెప్పింది, ఈ సూది ఆకలిని తగ్గించడమే కాదమ్మా, తిన్నదాన్ని కడుపులో చాలాసేపు ఆపేస్తుంది, రేపెప్పుడైనా ఆపరేషను అవసరమై మత్తు ఇవ్వాల్సొస్తే ఈ సూది వాడుతున్నానని ముందే చెప్పు, దాచమాకు, మత్తులో ఉండగా కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణం మీదికొస్తుంది, అర్థమైందా అంది, అర్థమైందండి అన్నాను, ఏం అర్థమైందో చెప్పు అంది, ఎక్కాలు అప్పజెప్పించినట్టు నలభై ఆరేళ్లదాన్ని నాచేత మొత్తం చెప్పించింది, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాను, మొన్న మంగళవారమే సూది వేసింది, ఇవాళ శనివారం, మందింకా ఒంట్లో నిండా ఉంటుంది, బుధవారం సాయంత్రం కుడి డొక్కలో పట్టుకుంది నొప్పి, గురువారం స్కానింగు, శుక్రవారం రక్తపరీక్షలు, ఇదిగో శనివారం, బరువు త్వరగా తగ్గేవాళ్లలో కొందరికి రాళ్లు రావచ్చని, డొక్కలో నొప్పొస్తే ముందు తనకి ఫోన్ చెయ్యమని కూడా చెప్పింది డాక్టరమ్మ, చెయ్యలేదు, ఫోను ఎప్పుడూ ఎవరి చేతిలోనో ఉంటోందని నాకు నేను చెప్పుకున్నాను, అది వంక, బాత్రూములోకి పట్టుకెళ్లి చెయ్యొచ్చు, చెయ్యలేదు, ఎందుకంటే ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు, అక్కడి డాక్టర్లకి చెప్పావా అంటుంది.

అడిగాడు కదా, మత్తు డాక్టరు హరిచరణ్, పాపం నిన్ననే అడిగాడు, కుర్రాడు, కళ్లజోడు జారిపోతుంటే మధ్యవేలితో పైకి తోసుకుంటూ అడిగాడు, ఏమన్నా మందులు వాడుతున్నారా అమ్మా, బీపీ, షుగరు, థైరాయిడు, ఇంజెక్షన్లేమైనా, అన్నాడు, నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు, మా ఆవిడ తలనొప్పి బిళ్ల కూడా మింగదండి, ఏడు శనివారాలు ఒంటిపూట ఉండి మొదలుపెట్టింది, ఏడు నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గింది, అంతా స్వామి దయ అన్నాడు, డాక్టరు నా వంక చూశాడు, నేను దుప్పటి అంచు వంక చూశాను, అలాగా, మంచిదమ్మా అని కాగితం మీద ఏదో కొట్టేసి నా సంతకం పెట్టించుకున్నాడు, ప్రమీలారాణి అని గుండ్రంగా పెట్టాను, అబద్ధం కింద ఇంత అందమైన సంతకం ఎవరూ పెట్టి ఉండరు, ఇప్పుడు నా పక్కన స్టూలు మీద మా ఆడపడుచు కృష్ణప్రియ కూర్చుని ఉంది, పరిటాల నుంచి ఆరింటి బస్సుకే వచ్చింది, నా పుస్తెలతాడు, గాజులు తన చేతిరుమాలులో మూటకట్టి ఒళ్లో పెట్టుకుంది, పెదవులు కదులుతున్నాయి, గోవిందనామాలు, నాకోసం, అవి పైకి వినపడితే లేచి పారిపోతానేమో, తన పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి, తనూ ఉపవాసమే ఇవాళ, నన్ను చూసి పట్టింది.

అసలు దాచాలనుకోలేదు, చెప్పకుండా ఉందామనుకున్నాను, ఆ రెండూ ఒకటి కాదనే అప్పట్లో నమ్మాను, వత్సవాయిలో మా ఆయన వాళ్ల పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షను, బంతిలో కూర్చున్నాం, బూరెలు వడ్డించే అతను నా ఆకు ముందు ఆగాడు, ఎదురు వరసలోంచి మా ఆయన గట్టిగా, బాబూ ఆవిడ దగ్గర ఆగమాక, వచ్చే బంతికి మిగలవు అన్నాడు, బంతి బంతంతా నవ్వింది, కృష్ణప్రియ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది, తనూ నా అంత లావే అయినా నవ్వింది, నేనూ నవ్వాను, అందరికంటే నాదే గట్టిగా వినపడింది, ఇంటికొచ్చి వాళ్లు డబ్బాలో పెట్టి ఇచ్చిన ఆరు బూరెలూ వంటింట్లో నిలబడి తిన్నాను, ఏడుస్తూ తింటే బూరె ఉప్పగా ఉంటుందనుకుంటారు గాని ఉండదు, తియ్యగానే ఉంటుంది, దానికే అసహ్యం వేసింది, ఆ తర్వాతి మంగళవారం మోకాళ్ల నొప్పులని జగ్గయ్యపేట వెళ్లాను, నందిగామలో అయితే ఆసుపత్రి మెట్లెక్కేలోపే షాపుకి కబురు వెళ్లిపోతుంది, జాయిస్ డాక్టరమ్మ ఎంత తింటావని అడగలేదు, తిన్నాక ఎంతసేపటికి మళ్లీ తిండి గుర్తొస్తుందని అడిగింది, తింటుండగానే గుర్తొస్తుందండి అన్నాను, ఆవిడ నవ్వలేదు, రాసుకుంది, నలభై ఆరేళ్లలో నా తిండి గురించి మాట్లాడుతూ నవ్వకుండా ఉన్న మొదటి మనిషి, పరీక్షలన్నీ చేయించి, ఇది జబ్బమ్మా, దీనికి మందుంది, వారం వారం రావాలి, నేను చూస్తూ ఉండాలి, నీ అంతట నువ్వు పెంచకూడదు, ఆపకూడదు అంది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం చిల్లకల్లు దాకా బస్సు, ఆధార్ కార్డు చూపించి ఊరికే వచ్చే టికెట్టు, అక్కడినుంచి ఆటో, ఇంట్లో మాత్రం జాకెట్లు కుట్టించుకోవడానికని చెప్పేదాన్ని, నందిగామలో దర్జీలు లేరా అని మా ఆయన ఒక్కసారీ అడగలేదు, నా జాకెట్ల సంగతి ఆయనకి పట్టదు, డాక్టరమ్మ బరువు చూసేది, బీపీ చూసేది, వాంతులయ్యాయా, నీరసంగా ఉందా, పప్పూ గుడ్డూ తింటున్నావా అని అడిగి, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చీమ కుట్టినంత సూది వేసేది, పక్క సందులో రమీజా కుట్టుమిషను, నిజంగానే కుట్టించేదాన్ని, వదులైన జాకెట్లకి లోపల కుట్లు వేయించేదాన్ని, నాలుగో మంగళవారమో ఏమో, చిల్లకల్లులో బజ్జీల బండి ముందునుంచి నడిచి వచ్చి ఆటో ఎక్కాను, ఎక్కాక తట్టింది, బండి ఉందని చూడనే లేదు, వాసన తగిలింది గాని లోపల ఎవరూ లేచి కూర్చోలేదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా లోపల తిను తిను అని ఒకటే రొద, నిద్రలో కూడా, అది ఆగిపోయింది, ఎప్పుడాగిందో కూడా తెలియలేదు, రమీజా షాపులో స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను, ఏందక్కా, ఏమైందక్కా అని టేపు మెడలో వేసుకుని లేచొచ్చింది, చెప్పాను, మొత్తం చెప్పాను, తను నా వీపు మీద చెయ్యి వేసి, మరి ఇంట్లో చెప్పలేదేంటక్కా అంది, చెబుతాలే అన్నాను.

చెప్పేదాన్నే, ఇంతలో ఆ శనివారాలు వచ్చి పడ్డాయి, మా అత్తగారు ఎప్పుడో మొక్కుకుని మర్చిపోయిన ఏడు శనివారాలు, ఇంటి కోడలివి నువ్వు చెయ్యమ్మా అంటే సరేనన్నాను, ఏడో వారం ఉద్యాపనకి ఏడు కిలోలు తగ్గి ఉన్నాను, గుడిలో ఎవరో ఏంటండీ ఇంత తగ్గారు అన్నారు, మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో పదిమంది ముందు మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేసి, నిష్ఠండీ, ఏడు శనివారాల నిష్ఠ అన్నాడు, పూజారిగారు స్వామి మెడలోని దండ తీసి ఇచ్చారు, ఆ చెయ్యి అలాగే ఉండాలనుకున్నాను, అందుకే నవ్వి ఊరుకున్నాను, ఊరుకోవడం అబద్ధమెలా అవుతుంది అనుకున్నాను, ఆ తర్వాత వీధిలో ఆడవాళ్లు వచ్చి ఏం తినాలి ఏం తినకూడదు అని అడిగితే నోటికొచ్చింది చెప్పాను, నమ్మారు, మొదట్లో సరదాగా ఉండేది, చూశారా ఎవరిని చూసి నవ్వారో అని, గడియారం పదీ పంతొమ్మిది, చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను, ఏమీ కాదులే, ఎంతమందికి ఆపరేషన్లు అవడం లేదు, చిన్న సూది, చీమ కుట్టినంత, డాక్టర్లు జాగ్రత్త కోసం పది చెబుతారు, అందులో ఒకటి జరుగుతుంది, ఆ ఒకటి నాకే జరగాలని ఏముంది, జరగకూడదనీ ఏముంది, మళ్లీ త్రేన్పు, ఈసారి వేడిగా, గొంతులో మంటగా, మింగాను, మత్తు ఇచ్చాక మింగడం ఉండదు కదా, ఇప్పుడు నేను మింగగలుగుతున్నాను, ఇంకో పావుగంట తర్వాత మింగే మనిషి ఉండదు.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది, ఆపరేషను ఆగుతుంది, మా ఆయన లోపలికి వస్తాడు, ఏ సూది, ఎక్కడ, ఎప్పటినుంచి, మరి శనివారాలు, అని వరసగా అడుగుతాడు, సాయంత్రానికి షాపులో తెలుస్తుంది, రేపటికి గుడిలో తెలుస్తుంది, ఓహో సూదులా, అదీ సంగతి, మేము అనుకుంటూనే ఉన్నాం అంటారు, ఎవ్వరూ ఏమీ అనుకోలేదు, అయినా అంటారు, ఆయన భుజం మీద చెయ్యి తీసేస్తాడు, చెప్పకపోతే, చెప్పకపోతే స్వామి దయ వల్ల బరువు తగ్గిన ప్రమీలారాణి స్వామి రోజునే స్వామి దగ్గరికి వెళ్లిపోయింది అంటారు, అదేదో గొప్ప చావులా చెప్పుకుంటారు, పువ్వుల్లో పెట్టి తీసుకెళతారు, నవ్వరు, చచ్చిపోతేనే నవ్వరన్నమాట, ఛీ, ఏం ఆలోచన ఇది, కాళ్లు చల్లబడ్డాయి, వేళ్లు ముడుచుకుంటున్నాయి, వదినా భయంగా ఉందా, కాళ్లు పట్టమంటావా అని కృష్ణప్రియ లేవబోయి, లేచి, తూలి మంచం కమ్మీ పట్టుకుంది, ఏమైందే అన్నాను, ఏం లేదు వదినా, కళ్లు తిరిగినయ్ అంతే, పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా తాగలేదు అంది, తాగొచ్చుగా, నీళ్లు తాగకూడదని ఎవరన్నారు అన్నాను, తల దించుకుంది, పోయిన శనివారం నేను గుడిలో పడిపోయా వదినా, నీకు చెప్పలా, అన్నయ్యకి చెప్పమాకు, రెండోసారి పట్టా గదా ఏడు శనివారాలు, ఇది ఆరోది, రెండు కిలోలు కూడా తగ్గలా, నువ్వు చేసినట్టే చేస్తున్నా, మరి నాకెందుకు తగ్గట్లేదంటే, శనివారం పస్తుండి ఆదివారం పిచ్చిదాన్లా తింటన్నా వదినా, ఆగలేకపోతన్నా, నీకున్న నిష్ఠ నాకు లేదు, నాది తిండిపోతు బుద్ధి, స్వామికి తెలుసు, అందుకే నన్ను చూడట్లేదు అంది, కళ్లలో నీళ్లు, ఆ చేతిరుమాలు మూట తెరవకుండా దాంతోనే తుడుచుకుంది.

తిండిపోతు బుద్ధి, ఆ మాట నా లోపలిది, ఇన్నేళ్లూ ఎవరికీ వినపడకుండా నన్ను నేను తిట్టుకున్న మాట, తన నోట్లోకి ఎలా వచ్చింది, నేనే పెట్టాను, పదీ ముప్పై రెండు, తలుపు తెరుచుకుంది, నర్సు మంచం చక్రాల బ్రేకు కాలితో తన్నింది, వెనకాల హరిచరణ్ డాక్టరు కళ్లజోడు తోసుకుంటూ, పొద్దుటినుంచి ఏమీ తీసుకోలేదు కదమ్మా అన్నాడు, నా బదులు కృష్ణప్రియ, మంచినీళ్లు కూడా లేదండి అంది, గుమ్మంలో మా ఆయన, రాహుకాలం పోయిందండి, ఇంక కానివ్వండి అంటున్నాడు, అందరూ నా తరఫున చెప్పేస్తున్నారు, మంచం కదిలింది, ఫ్యాను వెనక్కి పోతోంది, తల దగ్గర దిండు తీశారు, వెల్లకిలా పడగానే లోపలినుంచి పుల్లగా పైకి తన్నింది, గొంతులోకి, ముక్కులోకి, చేత్తో మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని లేచి కూర్చున్నాను, ఆపండి డాక్టరుగారూ అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినపడింది, నేను బరువు తగ్గడానికి వారం వారం సూది వేయించుకుంటున్నానండి, జగ్గయ్యపేటలో జాయిస్ డాక్టరమ్మ దగ్గర, ఏడు నెలల్నుంచి, మొన్న మంగళవారం కూడా వేయించుకున్నా, నిన్నటి అన్నం ఇంకా కడుపులోనే ఉంది, నిన్న మీరడిగినప్పుడు చెప్పలేదు, తప్పు నాది అన్నాను, ఒక్క గుక్కలో, ఎక్కం అప్పజెప్పినట్టు.

హరిచరణ్ డాక్టరు మాస్కు కిందికి లాగి ఓ క్షణం నన్ను చూశాడు, తిట్టలేదు, ముందు ఆవిడ తల ఎత్తి పెట్టండి, కేసు ఆపండి, అమ్మా ఆ డాక్టరమ్మ నంబరివ్వండి, ఇప్పుడే మాట్లాడతా, ఇప్పుడు చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే లోపల మత్తిచ్చాకే మాకు తెలిసేది అన్నాడు, అప్పుడు ఏమయ్యేదో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు, మా ఆయన ముఖం చూశాను, చూడాలని చూశాను, నోరు తెరుచుకుని ఉంది, సూదులా అన్నాడు, మరి శనివారాలు అన్నాడు, అనుకున్న వరస తప్పలేదు, అవి మీ అమ్మగారి మొక్కు, చేశాను, బరువు తగ్గింది మాత్రం మందుతోనండి అన్నాను, ఊళ్లో ఎంతమందికి చెప్పాను ప్రమీలా, నా పరువేం గాను అన్నాడు, నేను చచ్చిపోయేదాన్నండి అన్నాను, ఆయన గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు, ఆయన సంగతి తర్వాత చూడొచ్చు, నాకు భయం వేసింది కృష్ణప్రియని చూడడానికి, తను కదలకుండా నిలబడి ఉంది, మూట గుండెకి అదుముకుని, కోప్పడుతుందనుకున్నాను, పదమూడు శనివారాలు నన్ను మోసం చేశావు అంటుందనుకున్నాను, అనాలి కూడా, వదినా, అంది, చాలా మెల్లగా, అయితే నాది బుద్ధి తక్కువై కాదా, ఇది జబ్బా, అంది, ఆ ముఖం చూశాక తెలిసింది నేనేం చేశానో, ఇన్ని నెలలూ పరువు కాపాడుకుంటున్నాననుకున్నాను, ఉపవాసం వల్ల తగ్గాను అన్న ప్రతిసారీ, అవునర్రా, నేను తిండిపోతునే, నాకు నేను శిక్ష వేసుకుని బాగుపడ్డాను అని ఊరందరి ముందూ ఒప్పుకుంటూ వచ్చాను, చెయ్యని తప్పుకి ఒప్పుకోలు, బంతిలో నవ్వినవాళ్లందరూ సరిగ్గానే నవ్వారని నేనే సాక్ష్యం చెప్పాను, ఆ సాక్ష్యంతో ఈ పిల్లకి కూడా శిక్ష వేశాను, ఏ తప్పూ లేదు, తనదీ లేదు, నాదీ లేదు, ఆకలి ఎక్కువగా పుట్టింది మా ఇద్దరికీ, అంతే, చెయ్యి చాపి తన మణికట్టు పట్టుకున్నాను, చల్లగా ఉంది, జబ్బేనే ప్రియా, మంగళవారం ఇద్దరం కలిసి వెళ్దాం, ముందు నువ్వెళ్లి కడుపునిండా ఏదైనా తినిరా అన్నాను.